ముత్యాల తీగకి క్రాన్ జాబు పనికిరాదు

కొండాపూరు, గచ్చిబౌలి, నల్లగండ్ల... ఏ అపార్టుమెంటు ముందైనా నిలబడి ఓసారి తల పైకెత్తి చూడండి. పావురాల వల వెనకాల, బట్టలారేసే తీగ పక్కన, ఓ చిన్న కుండీ వేళ్ళాడుతూ ఉంటుంది. అందులోంచి పచ్చటి ముత్యాలో, లావుపాటి జడో, గుండె ఆకారం ఆకులో కిందికి జారుతుంటాయి. స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్, బరోస్ టెయిల్, స్ట్రింగ్ ఆఫ్ హార్ట్స్ అన్నమాట. ఇలా ఒంట్లోనే నీళ్ళు దాచుకునే మొక్కలన్నిటినీ కలిపి సక్యులెంట్లు అంటారు. అమ్మేవాళ్ళందరూ చెప్పే మాట ఒకటే: "సార్, దీనికి మెయింటెనెన్సే అక్కర్లేదు". మన సాఫ్టువేరు వాళ్ళం ఆ ఒక్క ముక్కకీ పడిపోతాం.

నా అభ్యంతరం సరిగ్గా ఆ ముక్క మీదే. వీటికి పని తక్కువ, నిజమే. కానీ కనిపెట్టుకుని ఉండటం ఎక్కువ. ఈ రెంటికీ తేడా తెలియకే మా బ్లాకులో ఏటా జులై, ఆగస్టుల్లో చెత్తబుట్టల పక్కన ఖాళీ కుండీలు పేరుకుంటాయి.

అసలివి ఎక్కడివో చూద్దాం. ముత్యాల తీగ దక్షిణాఫ్రికాది. అక్కడ పొదల నీడన, రాళ్ళ పక్కన నేల మీద పాకుతూ బతుకుతుంది. వేళ్ళాడదీయడం మన సరదా, దాని అలవాటు కాదు. ఆకు గుండ్రంగా ఎందుకుందంటే, ఎక్కువ నీళ్ళు పట్టాలి, ఎండకి తగిలే చర్మం తక్కువుండాలి. అందుకు గోళీని మించిన ఆకారం లేదు. ఒక్కో ముత్యం మీద సన్నటి గీత ఉంటుంది చూడండి, అది కిటికీ. వెలుతురు అందులోంచి లోపలికి వెళుతుంది. గాడిదతోక, అదే బరోస్ టెయిల్, మెక్సికోది. చెయ్యి తగిలితే చాలు ఆకులు జలజలా రాలతాయి. బాధపడనక్కర్లేదు, రాలిన ఆకుల్ని మట్టి మీద పడేస్తే వాటిల్లోంచే కొత్త మొక్కలొస్తాయి.

ఇక అసలు తమాషా. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. ఎడారి మొక్క అలా చేస్తే ఉన్న నీళ్ళన్నీ ఆవిరైపోవూ? అందుకని చాలా సక్యులెంట్లు పగలు తలుపులు మూసుకుని రాత్రి తెరుస్తాయి. రాత్రి పీల్చిన కార్బన్ డయాక్సైడుని ఆమ్లంగా మార్చి దాచుకుని, తెల్లారాక ఎండ సాయంతో చక్కెర తయారు చేసుకుంటాయి. మన సైబరాబాదులో సగం మంది చేసే నైట్ షిఫ్టే!

ఈ సంగతిని మొదట్లో పట్టుకున్నవాళ్ళలో ఒకాయనకి మన ఊళ్ళతో చుట్టరికం ఉంది. బెంజమిన్ హేన్ అని ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు. 1790లలో మన సామర్లకోట తోటలో, రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్ళిపోయాక, పనిచేశాడు. ఇండియాలో ఉండగా ఆయన రణపాల ఆకు నమిలి చూశాడు. పొద్దున పుల్లగా ఉంది, మధ్యాహ్నానికి చప్పబడింది, సాయంత్రానికి కాస్త చేదెక్కింది. ఆ విషయం రాసిన ఉత్తరాన్ని 1813లో లండన్లో లినియన్ సొసైటీ సభలో చదివారు. రాత్రి దాచిన ఆమ్లమే పొద్దుటి పులుపని తర్వాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. మనం చిన్నప్పుడు మొలకలొస్తాయని పుస్తకంలో పెట్టుకున్న రణపాలే అది!

ఇప్పుడు హైదరాబాదుకి వద్దాం. రాత్రి కూడా చల్లబడని మే నెలలో ఈ నైట్ షిఫ్టు సరిగ్గా సాగదు. మొక్క ఎదుగుదల మందగిస్తుంది, నీళ్ళు పెద్దగా తాగదు. జూన్ దాటితే ముసురు, గాలి నిండా తేమ, మట్టి ఆరదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ హాయిగా ఉండి, రాత్రి చల్లగా ఉండి, ఏపుగా పెరుగుతుంది. అంటే ఒకే కుండీకి మూడు కాలాల్లో మూడు రకాల దాహం. మరి మనమేం చేస్తాం? ఫోనులో "ప్రతి ఆదివారం పావు లీటరు" అని రిమైండరు పెడతాం. శుభ్రమైన క్రాన్ జాబు.

మా పక్క ఫ్లాటు కుర్రాడు సరిగ్గా అదే చేశాడు. ముత్యాలు ముడతలు పడ్డాయి. దాహం కాబోలని ఇంకాస్త పోశాడు. నాలుగు రోజుల్లో మొత్తం గుజ్జయిపోయింది. ఇక్కడో చిక్కుంది. నీళ్ళు చాలకపోయినా ముత్యం ముడుచుకుంటుంది, నీళ్ళెక్కువై వేరు కుళ్ళినా ముడుచుకుంటుంది. ఎర్రర్ మెసేజి ఒకటే, కారణాలు రెండు. లాగ్ ఫైలు మట్టిలో ఉంటుంది. వేలు లోపలికి గుచ్చి చూడాలి. మట్టి పొడిగా ఉంటే దాహం. తడిగా ఉండి, ముత్యం మెత్తబడి, గాజులా పారదర్శకంగా కనిపిస్తే కుళ్ళు. అప్పుడు బాగున్న కొమ్మల్ని కత్తిరించి కొత్త మట్టి మీద పరుచుకోవడం ఒక్కటే దారి.

ఆ కుర్రాడు కుండీ పట్టుకుని మా ఇంటికొచ్చినప్పుడు మా నాయిన ఉన్నాడు. నల్లగొండ జిల్లాలో బత్తాయి తోట చేసిన మనిషి. మోకాళ్ళు సహకరించక తోట కౌలుకిచ్చి మా దగ్గరికొచ్చాడు. పదకొండో అంతస్తులో ఆయనకి చేయడానికేముంది? లిఫ్టు దిగడం, రెండు చుట్లు తిరగడం, మళ్ళీ ఎక్కడం. "ఊరికి పోత" అని వారానికోసారి అనేవాడు. అలాంటి మనిషి కుండీని ఒళ్ళో పెట్టుకుని, మట్టి నలిపి చూసి అన్నాడు: "వారానికొకసారని మొక్కకెట్ల తెలుస్తది బిడ్డా? దీన్ని బెట్టకు ఇడిశిపెట్టాలె."

బెట్ట! ఎంత మంచి మాట. బత్తాయికి పూత రావాలంటే ముందు నీళ్ళు ఆపేస్తారు. చెట్టు వడలి, కొంత ఆకు రాలేదాకా చూసి, అప్పుడు తడి ఇస్తారు. ఎన్ని రోజులన్నది క్యాలెండరు చెప్పదు, ఆకు చెబుతుంది. నేల రకాన్ని బట్టి, ఆ ఏటి ఎండని బట్టి మారుతుంది. నీళ్ళు పోయకపోవడం కూడా సేద్యంలో ఒక పనే. దాన్ని మనం "మెయింటెనెన్సు లేదు" అని అనువదించుకున్నాం.

అప్పట్నుంచి మా బ్లాకులో సక్యులెంట్లకి ఆయనే ఆర్కిటెక్టు. ఆయన పద్ధతి ఇదీ: కడియం నుంచి మొక్కతో వచ్చిన బంకమట్టిని నెమ్మదిగా విడదీసి పారేయడం. ఒక వంతు ఎర్రమట్టికి రెండు వంతులు ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలపడం. అడుగున చిల్లున్న చిన్న మట్టికుండీ వాడటం. తూర్పు బాల్కనీలో పొద్దుటెండ తగలనిచ్చి, పడమటెండకి గ్రీన్ నెట్ కట్టడం. వానాకాలంలో కుండీని జల్లు పడని చోటికి జరపడం. కుండీ పైభాగానికి వెలుతురు అందాలి, సీలింగుకి ఆనించి కడితే తీగ కిందికి బాగానే దిగుతుంది గానీ పైన బట్టతల వస్తుంది. పొడుగైన తీగని చుట్టచుట్టి మట్టి మీదే పరిస్తే కణుపు కణుపుకీ వేళ్ళేసి మళ్ళీ నిండుతుంది. పిండినల్లి కనబడితే వేపనూనె. ఇంట్లో చంటిపిల్లలుంటే మాత్రం ముత్యాలు అందకుండా చూసుకోండి, బఠాణీల్లా ఉంటాయి గానీ తింటే మంచిది కాదు.

2024 వేసవిలో మన ఐటీ కారిడార్లో బోర్లెండి, ట్యాంకర్ల కోసం పడిగాపులు పడ్డాం గుర్తుందా? బాల్కనీ మొక్కలకి నీళ్ళు పోయొద్దని మా అసోసియేషను కాగితం అంటించింది. గులాబీలు, మనీప్లాంట్లు మాడాయి. నాయిన ఊర్నుంచి జానెడు ముక్క తెచ్చి గుచ్చిన నల్లేరు మాత్రం గ్రిల్లు పట్టుకుని పాకుతూనే ఉంది. నలుపలకల కాడ, కణుపుకో ఆకు, ద్రాక్ష కుటుంబం, కాడలో అదే నైట్ షిఫ్టు. వేళ్ళాడదీస్తే ముత్యాల తీగకేం తీసిపోదు. పైగా లేత కాడలు చింతపండుతో పచ్చడి చేసుకోవచ్చు, కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోవాలంతే, దురద. నర్సరీలో దానికి ధర లేదు, ఎందుకంటే మనం దాన్ని కంచె మీది పిచ్చితీగ అనుకుంటాం.

ముత్యాల తీగ కొనొద్దని కాదు నేననేది. కొనండి, ముచ్చటైన మొక్క. ఇంట్లో సేద్యం తెలిసిన పెద్దవాళ్ళుంటే వాళ్ళ చేతికివ్వండి. దాంతోపాటు రిమైండరు మాత్రం ఇవ్వకండి. మా నాయిన ఊరికి పోతాననడం మానేశాడని చెప్పను గానీ, ఈ మధ్య "వానలు తగ్గినంక పోత, ఇప్పుడు కుండీలు ఎవరు చూస్తరు" అంటున్నాడు.