నాలుగో ఐకాన్

ఆ టిక్ పెట్టింది నేనే. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది రాయడం కొంచెం తేలిక.

నూజివీడు దగ్గర మా మావయ్యకి మామిడితోట ఉంది. రెండేళ్ళుగా ఏప్రిల్, మే ఆదివారాల్లో విజయవాడ నుంచి, హైదరాబాద్ నుంచి కుటుంబాలు వస్తున్నాయి. పొద్దున్నే దిగి, చెట్ల కింద తిరిగి, కాయలు కోసుకుని, అత్తయ్య చేసిన మామిడికాయ పప్పు తిని, సాయంత్రం రసాల పెట్టెలు కారులో వేసుకుని వెళ్తారు. దీన్ని అగ్రి టూరిజం అంటారని చెప్తే మావయ్య నవ్వాడు. "తోట చూపించి డబ్బులు తీసుకోవడమేంట్రా" అని ఇప్పటికీ సిగ్గుపడతాడు. కానీ కాయ రేటు ఏ వారం పడిపోతుందో తెలీని చోట ఆ ఆదివారాల డబ్బు ఆయనకి అవసరమే.

సెకండియర్ మినీ ప్రాజెక్ట్‌కి టాపిక్ దొరక్క ఆ తోటకే వెబ్‌సైట్ చేశా. టెంప్లేట్‌లో సౌకర్యాలని ఒక వరుస ఉంది. పార్కింగ్, భోజనం, పిల్లల ఊయల. మూడే ఐకాన్లు, పక్కన ఖాళీ. వీల్‌చైర్ బొమ్మ పెడితే వరుస నిండింది. తోటంతా చదునుగానే ఉంది కదా అనుకున్నా. నిజంగా అంతే ఆలోచించా. పైగా లైట్‌హౌస్ టూల్‌లో యాక్సెసిబిలిటీ స్కోరు 98 వచ్చింది, రివ్యూలో దాన్ని స్లైడ్ మీద పెద్దగా పెట్టా.

మేలో ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నా. కారు ఆగింది. ఒకావిడ దిగి డిక్కీలోంచి చక్రాల కుర్చీ తీసి విప్పింది. నలభై ఏళ్ళ ఆయన చేతుల మీద బరువు ఆన్చి అందులోకి మారారు. పక్కన ఎనిమిదేళ్ళ పాప. "వెబ్‌సైట్ చూసి వచ్చాం" అన్నారాయన, సంతోషంగా. నాకూ సంతోషమే వేసింది, ఒక రెండు నిమిషాలు.

గేటు దాటాక ఎర్రమట్టి. రెండు రోజుల ముందు వాన పడింది. ముందుండే చిన్న చక్రాలు రెండూ దిగబడిపోయాయి. వెనక్కి లాగి పక్కనుంచి వెళ్దామంటే అడ్డంగా డ్రిప్ పైపులు. మావయ్య, ఇద్దరు కూలీలు పరిగెత్తుకొచ్చి కుర్చీతో సహా ఎత్తబోయారు. "ఎత్తకండి" అన్నారాయన. గట్టిగా ఏం అనలేదు, కానీ అందరి చేతులూ ఆగిపోయాయి. పాప మాత్రం చెట్టు దాకా పరిగెత్తి వెనక్కి తిరిగి, "నాన్నా రా" అని పిలిచింది.

ఆ తర్వాత బాత్రూమ్. తలుపు 24 అంగుళాలు, కుర్చీ 25.

వాళ్ళు వేపచెట్టు కింద కూర్చున్నారు. నేను మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇస్తే ఆయన తీసుకోలేదు. "పొద్దున్నుంచి తాగలేదు తమ్ముడూ. ఇక్కడ బాత్రూమ్ చూశాక తాగుదామనుకున్నా." మే నెల. ఎండ మీకు తెలుసు. వెన్నుపాము దెబ్బతిన్న కొందరికి చెమట సరిగ్గా పట్టదు, ఒంట్లో వేడి త్వరగా పెరుగుతుంది అని తర్వాత చదివా. వెబ్‌సైట్ చేసింది నేనేనని అప్పుడే చెప్పేశా. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "లేకపోతే లేదని రాయి. నేను వేరే ఏర్పాటు చేసుకుంటా, లేదా రాను. ఉందని రాస్తేనే కష్టం" అన్నారు. పదకొండున్నరకి వెళ్ళిపోయారు. మావయ్య డబ్బు తీసుకోలేదు, నాతో ఆ రోజంతా మాట్లాడలేదు.

లైట్‌హౌస్ తప్పేం చెప్పలేదు. అది కోడ్‌ని చూస్తుంది. అక్షరాల రంగు నేపథ్యంలో కలిసిపోతోందా, ఫొటోకి ఆల్ట్ టెక్స్ట్ ఉందా అని చూస్తుంది. ఎర్రమట్టి దానికి కనపడదు. నాక్కూడా కనపడలేదంటే నేనేం చూసినట్టు?

సాయంత్రమే ఐకాన్ తీసేశా. కానీ తీసేస్తే సరిపోదు, ఖాళీగా ఉంటే వచ్చేవాళ్ళకి ఏం తెలుస్తుంది? మర్నాడు టేపు తీసుకుని కొలవడం మొదలుపెట్టా. ర్యాంప్‌కి మామూలుగా చెప్పే వాలు 1:12, అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. ఇంటి అరుగు 18 అంగుళాలు, అంటే 18 అడుగుల ర్యాంప్ కావాలి. వాకిట్లో అంత చోటు లేదు. గడప 4 అంగుళాలు. "దాన్ని తీయించేద్దామా" అని అడిగితే అత్తయ్య నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే గడప అది. సరే, రెండు వైపులా నాలుగేసి అడుగుల చెక్క బల్లలు వేస్తే సరిపోతుంది, గడపా ఉంటుంది. అరుగు సంగతి మాత్రం తేలలేదు. బాత్రూమ్ తలుపు కనీసం 90 సెంటీమీటర్లు, దాదాపు మూడడుగులు ఉండాలి. గోడ పగలగొట్టాలి.

కొలుస్తూ తిరుగుతుంటే షెడ్డు దగ్గరికొచ్చా. కాయలు ఏరి, సైజుల వారీగా వేరు చేసి, వరిగడ్డిలో మాగబెట్టే షెడ్డు. రోడ్డుకి ఆనుకునే ఉంది. లారీ ఎక్కించడానికి వీలుగా చదునైన సిమెంటు నేల, 7 అడుగుల వాకిలి, నీడ. లోపల గడ్డిలో రసాల వాసన చూస్తే తోట కంటే అదే బాగుంటుంది. వెబ్‌సైట్‌లో దాని ఫొటో ఒక్కటి కూడా లేదు. అందంగా లేదని నేనే వదిలేశా. ఆయన ఆ రోజు అక్కడికి హాయిగా వెళ్ళగలిగేవారు. పాపతో కలిసి కాయలు ఏరేవారు.

తర్వాత ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని నా సైట్ విన్నా. "ఫొటో. ఫొటో. ఫొటో." 98 స్కోరు అలా వచ్చిందన్నమాట, అన్నిటికీ ఆల్ట్ టెక్స్ట్‌లో "ఫొటో" అని పెట్టేశాగా! మావయ్య నంబరు బ్యానర్ బొమ్మలో ఉంది కాబట్టి అది వినపడనే లేదు. ఆల్ట్ టెక్స్ట్ తెలుగులో రాద్దామని కూర్చుంటే కోడ్ కంటే అదే కష్టమైంది. ఇంగ్లిష్ మీడియం తెలివి. పొడవాటి గెడకి వల కట్టి కాయ కోసేదాన్ని ఏమంటారో తెలీదు. మావయ్యని అడగాల్సి వచ్చింది. "చిక్కం రా" అన్నాడు. ఆదివారం తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

ఇప్పుడు ఐకాన్ల వరుస లేదు, దాని బదులు ఒక పేజీ ఉంది. గేటు నుంచి షెడ్డు దాకా సిమెంటు, 40 అడుగులు. తోటలోకి ఎర్రమట్టి, వాన పడితే మూడు రోజులు చక్రాలు దిగబడతాయి. అరుగు 18 అంగుళాలు, ర్యాంప్ లేదు, భోజనం షెడ్డులోనే వడ్డిస్తాం. ప్రతిదానికీ ఫొటో, ఫొటోలో టేపు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా పెట్టా. అందులో వీల్‌చైర్‌కి అవును, కాదు మధ్యలో "పరిమితం" అని ఇంకో విలువ ఉంటుంది. అదే ఇచ్చా. మా ఫ్రెండొకడు చూసి, "ఇన్ని లేవు లేవు అని రాస్తే ఎవరొస్తార్రా" అన్నాడు. మావయ్య కూడా కాసేపు అదే అన్నాడు, తర్వాత షెడ్డు ఫొటో ఇంకోటి తీయమన్నాడు.

ఆ పేజీ లింకు ఆయనకి పంపా. బుకింగ్ నంబరు ఉంది కదా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నాలుగు రోజుల తర్వాత ఒక్క మాట వచ్చింది: "బాత్రూమ్?"

"ఇంకా 24 అంగుళాలే సార్. పంట డబ్బులు రాగానే గోడ తీయిస్తానంటున్నాడు మావయ్య" అని రాశా.

"తీయించాక చెప్పు" అన్నారు.