కాగితముపై భూగోళము

బొమ్మ చూచినంతమాత్రమున పాఠము వచ్చునా? ప్రాథమిక పాఠశాలలో బోధించుచు నేను పలుమారు తలపోసిన ప్రశ్న యిది.

ఎదుటనున్న వస్తువుపై యంత్రము కల్పించిన రూపమును నిలిపి చూపు విద్యకు ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ అని పేరు. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అను శాస్త్రజ్ఞుడు తలకు ధరించు యంత్రముతో దీనికి దారి తీసెను. నేడు ఆ పనిని చేతిలోని ఫోనే చేయుచున్నది.

‘క్వివర్’ అను యాప్ నిమిత్తము ప్రత్యేకమైన బొమ్మకాగితములు కలవు. మా మూడవ తరగతి పిల్లలు భూగోళపు బొమ్మకు రంగులు వేసిరి. ఫోను కెమెరా కాగితముపై గీతలను గుర్తించి, పిల్లలు వేసిన రంగులతోనే గుండ్రని గోళమును చూపెను. సముద్రమంతటికిని ఎఱుపు వేసిన బాలునికి అంతయు ఎఱ్ఱసముద్రమే కనబడెను! అందఱును నవ్విరి. వాడును నవ్వి, నీలపు రంగు చేతబట్టెను.

ముప్పదిమందికి ఫోను ఒక్కటే. చివరి వంతు వచ్చిన బాలిక కాగితముపై చేయి కప్పెను. గోళము మాయమయ్యెను.

“ఎక్కడికి పోయినది మాస్టారూ?”

“కెమెరాకు గీతలు కనబడలేదమ్మా.”

“మఱి రాత్రివేళ సూర్యుడెక్కడికి పోవును?”

వెంటనే గది చీకటి చేయించి, దీపము నెదుట ఆమెచేతనే బంతిని త్రిప్పించితిని. వెలుగు పడిన వైపు పగలు, పడని వైపు రాత్రి. “సూర్యుడెక్కడికిని పోలేదు, మనమే తిరిగితిమి!” అని ఆమె తరగతికి చెప్పెను.

భూమి వ్యాసము సుమారు 12,700 కిలోమీటర్లు. అంతటిదానిని జానెడు కాగితముపై నిలిపి ప్రశ్న పుట్టించుట యంత్రము చేయు మేలు. విద్యార్థులారా, జవాబు వెదకుట మన పని.