ముందు తల్లిని చూపించండి

పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలని మా అత్తగారు అంటుంటే పెళ్లిళ్ల సంగతే అనుకునేదాన్ని. రాయ్‌పూర్‌లో మేముండే తెలీబంధాలో కుక్కపిల్ల కోసం వెతికినప్పుడు గానీ ఆ మాట లోతు తెలియలేదు.

మొదటిసారి తల్లిని చూడలేదు. ఫోన్లో ఫొటో చూసి సరేనన్నాం. ఒకతను అట్టపెట్టెలో పామరేనియన్ పిల్లను తెచ్చిచ్చాడు. రెండు నెలలు నిండాయన్నాడు. పళ్లు చూసిన డాక్టరు, నెల దాటి కొద్ది రోజులే అయి ఉంటుందన్నారు. నాలుగో రోజు వాంతులు, నెత్తురు విరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బు. ఆరో రోజు నా ఒళ్లోనే పోయింది. పాలు మరవని పిల్లను తల్లి నుంచి విడదీసిన పాపంలో మా డబ్బుకూ వాటా ఉందన్న బాధ ఇప్పటికీ పోలేదు.

కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లోనే నియమాలు తెచ్చిందని తర్వాత తెలిసింది. పెంచేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లికి జన్మలో 5 ఈతలు మించకూడదు. కెన్నెల్ క్లబ్ కాగితం వంశం చెబుతుంది, తల్లిని ఎలా చూసుకుంటున్నారో చెప్పదు. అది తెలియాలంటే పెంచేవారి ఇంటికి వెళ్లాల్సిందే.

రెండోసారి వెళ్లిన ఇంటావిడ ధర చెప్పకముందే మమ్మల్ని ప్రశ్నలడిగారు. పగలు ఇంట్లో ఎవరుంటారు? మే నెల ఎండల్లో దాన్ని ఎక్కడ పడుకోబెడతారు? ఇన్ని అడిగే మనిషి దొరకడమే అదృష్టం. తల్లి వచ్చి నా చెయ్యి వాసన చూసి, వెళ్లి పిల్లల పక్కన పడుకుంది. అంతలో ఒక పిల్ల మరోదాని చెవి కొరికింది. అది కుయ్యిమని ఆట మానేసి పక్కకు జరిగిపోయింది. కొరికిన పిల్ల కాసేపు అలాగే నిలబడి, మళ్లీ వెళ్లి ఈసారి మెల్లగా పట్టుకుంది. 8 వారాల నియమం ఎందుకో కళ్లారా చూశాను. కొరుకుడుకు హద్దు నేర్పేది ముందు తోబుట్టువులే.

అలా చిట్టి వచ్చింది. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక బాల్కనీలో ఒకే మూలకు తీసుకెళ్లి, పని కాగానే మెచ్చుకుంటే నెలలో ఆ మూల అలవాటైంది. మాటల దగ్గరే చిక్కొచ్చింది. అత్తగారు ‘కూకో’ అంటారు, పిల్లలు ‘బైఠ్’ అంటారు, మావారు ‘సిట్’ అంటారు. ఏ మాట పట్టుకోవాలి పాపం? పగలంతా దానితో ఉండేది అత్తగారే కాబట్టి ఆవిడ మాటే ఖాయం చేశాం.

చిట్టిలాంటి చిన్న కుక్క మీదికి ఎగబడితే ముద్దు చేస్తాం, అరిస్తే చటుక్కున ఎత్తుకుంటాం. అదే పెద్ద కుక్కైతే ఊరుకుంటామా? భయమేసినప్పుడల్లా ఎత్తుకుంటే దానికి నేల మీద ధైర్యం ఎప్పుడొస్తుంది? టీకాలు పూర్తయ్యేదాకా ఒళ్లో కూర్చోబెట్టుకుని చెరువుగట్టు సందడి చూపించాం. తర్వాత నేల మీద దించి, జనానికి దూరంగా మొదలుపెట్టి, ఉడికించిన చికెన్ ముక్క పెడుతూ రోజుకు నాలుగడుగులు దగ్గరయ్యాం.

మొన్న సాయంత్రం ఆ చెరువుగట్టునే ఉన్న మెరైన్ డ్రైవ్ మీద పక్కనే బెలూన్ పేలింది. చిట్టి ఉలిక్కిపడి నా కాళ్ల మధ్యకు దూరింది. నా చేతులు కిందికి వెళ్లబోయాయి. అంతలో, ఇంట్లో హిందీ తప్ప నోట రాని మా చిన్నవాడు మోకాళ్ల మీద కూర్చుని, అచ్చం వాళ్ల నాన్నమ్మలాగే ‘కూకో’ అన్నాడు. చిట్టి వాడి ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా కూర్చుంది.