నాయనమ్మ వినికిడి

నేడు అమీర్‌పేటలో రెండు మెట్రో మార్గములు కలిసికొనుచున్నవి. మైత్రీవనము చుట్టును కంప్యూటరు శిక్షణాలయముల బోర్డులే. 1978లో మేము ఆ పేటలోనే ఒక రేకుల ఇంట నుంటిమి. తరువాత నేను తెలుగు పండితుడనైతిని గాని, ఆనాడు నాకు వ్యాకరణముకంటె ట్రాన్సిస్టరుమీదనే మక్కువ ఎక్కువ.

మా నాయనమ్మకు చెవుడు. రేడియోలో పాట వచ్చునప్పుడు పెట్టెకు చెవి ఆనించి కూర్చుండెడిది. ఆమె కొరకు ఒక యాంప్లిఫయరు చేయ సంకల్పించి, కోఠిలోని గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక జర్మేనియం ట్రాన్సిస్టరు కొంటిని. ట్రాన్సిస్టరు 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టినది. దాని బేసునకు చేరు స్వల్ప విద్యుత్తు కలెక్టరులోని పెద్ద విద్యుత్తును నడపును. చెరువు తూము తలుపును ఒక్కడెత్తి కాలువనంతను పారించినట్లు. అయితే ధ్వనితరంగము ఇరువైపులకు ఊగుటకు చోటుండవలెను. కనుక 9 వోల్టుల బ్యాటరీ పెట్టి, కలెక్టరువద్ద 4.5 వోల్టులుండునట్లు బేసునకు ఒక్క రెసిస్టరు అమర్చితిని. జనవరి ఉదయమున మీటరు ముల్లు సరిగా అచ్చటనే నిలిచినది. నాయనమ్మ ఇయర్‌ఫోను పెట్టుకొని, పాట ముగియువరకు కదలలేదు.

మే నెల వచ్చినది. ఒక మధ్యాహ్నము రేకులు కాలుచుండగా ఆమె ఇయర్‌ఫోను తీసి నా చేతిలో పెట్టినది.

“నా చెవి పూర్తిగా పోయిందిరా నాయనా! అంతా గరగరమంటోంది.”

నేను విని చూచితిని. గరగర యంత్రములోనిదే. కాని ఆ మాట చెప్పలేదు. నా పనితనమునకు మచ్చ వచ్చునని రెండు దినములు ఊరకుంటిని, బాలలారా! ఆ రెండు దినములును ఆమె రేడియో దరికి పోలేదు.

మీటరు పెట్టగా 4.5 ఉండవలసినచోట ఒక్క వోల్టు మాత్రమే ఉన్నది. వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడెల్ల జర్మేనియములోని లీకేజి విద్యుత్తు దాదాపు రెట్టింపగును. ట్రాన్సిస్టరు దానిని కూడ హెచ్చించును. తరంగమునకు ఒకవైపు ఊగ చోటు లేక తల తెగినది.

ఈసారి బేసు వోల్టేజిని రెండు రెసిస్టర్లతో నిలకడ చేసి, ఎమిటరు త్రోవలో మరొకటి చేర్చితిని. శబ్దము తగ్గకుండ దాని ప్రక్కన ఒక కెపాసిటరు నుంచితిని. విద్యుత్తు హెచ్చినచో ఎమిటరు వోల్టేజియు హెచ్చి, బేసు ప్రేరణను తగ్గించును. గుఱ్ఱము తన కళ్లెమును తానే లాగుకొన్నట్లు. చల్లని వేళను నమ్మక, కాలుచున్న సోల్డరింగ్ ఐరనును ట్రాన్సిస్టరు దరికి తెచ్చి చూచితిని. ముల్లు కొంచెము కదలి ఆగినది.

“నీ చెవి బాగానే ఉంది నాయనమ్మా! చెడింది నా యంత్రం” అని చెప్పితిని.

ఆమె ఇయర్‌ఫోను పెట్టుకొని చాలసేపు విన్నది. పిమ్మట, “ఆ మాట మొన్ననే చెప్పరాదూ?” అన్నది.