శ్రుతి కలిసిన కెపాసిటర్లు

రెజొనెన్స్ పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కునికిపాట్లు పడినవాళ్లలో నేనొకణ్ణి. ఆ బాకీ ఓ రోలింగ్ మిల్లులో తీర్చుకోవలసి వచ్చింది.

పవర్ ఫ్యాక్టర్ పెంచుదామని నేనే పట్టుబట్టి పెట్టించిన కెపాసిటర్లు నెల తిరక్కుండానే ఉబ్బాయి. ఒకటి ఢామ్మని పేలి, పక్కనున్న హెల్పరు చెయ్యి కాలింది. సరుకు నాసిరకమని సప్లయరు మీద విరుచుకుపడ్డాను.

"డీసీ మోటారు తిరిగేటప్పుడే మూలుగుతున్నాయి సార్" అన్నాడు హెల్పరు, కట్టు కట్టిన చేత్తో చూపిస్తూ.

అప్పుడు గాని లెక్క వెయ్యలేదు నేను! ఆ మోటారు తాలూకు ఆరు పల్సుల థైరిస్టర్ కన్వర్టరు 5వ హార్మోనిక్‌ని, అంటే 250 హెర్ట్జ్ కరెంటుని లైన్లోకి తోస్తోంది. ట్రాన్స్‌ఫార్మరూ నా కెపాసిటర్లూ ఇంచుమించు అక్కడే శ్రుతి కలిపి దాన్ని పెంచుతున్నాయి. కెపాసిటర్లకి సిరీస్‌లో 7 శాతం రియాక్టర్లు పెట్టించాక ఆ జంట శ్రుతి 189 హెర్ట్జ్‌కి దిగింది. మూలుగు ఆగింది.

సప్లయరుకి క్షమించమని ఆ రోజే ఉత్తరం రాశాను. తప్పు నాదేనని హెల్పరుతో చెప్పడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.