ఒలింపిక్సుకు స్ఫూర్తినిచ్చిన చిన్న ఊరు

ఇంగ్లండులో ష్రాప్‌షైర్ పల్లెసీమల నడుమ మచ్ వెన్లాక్ అనే చిన్న పట్టణం ఉంది. కాలినడకనే ఊరంతా చుట్టిరావచ్చును. 1540లో మూతబడిన క్రైస్తవ మఠపు శిథిలాలు, కొయ్యదూలాలతో కట్టిన గిల్డ్‌హాలు చూడదగినవి. కాని నన్ను కదిలించింది ఒక డాక్టరుగారి కథ.

విలియం పెన్నీ బ్రూక్స్ ఈ ఊరిలోనే పుట్టి, ఇక్కడే వైద్యం చేశారు. కష్టజీవులకు ఆరోగ్యమూ ఉల్లాసమూ కలగాలని 1850లో ఒలింపియన్ క్రీడలు ప్రారంభించారు. పరుగుపందాలతోబాటు క్రికెట్టు, ఫుట్‌బాలు కూడా ఆడించారు. 1890లో ఫ్రాన్సు నుండి బేరన్ కూబర్టిన్ వచ్చి, ఆ క్రీడలు చూసి ముగ్ధుడయ్యాడు. గుర్తుగా ఒక ఓక్ మొక్క నాటాడు. 1896 ఏప్రిల్‌లో ఏథెన్సులో ప్రపంచ క్రీడలు జరిగాయి. వాటిని చూసే భాగ్యం బ్రూక్స్‌గారికి లేకపోయింది. నాలుగు నెలల ముందే, తన 86వ ఏట, కన్నుమూశారు.

ఆయన సమాధి ఊరి చర్చి ఆవరణలోనే ఉంది. ఆ ఊరివారు మాత్రం నేటికీ ఏటా ఆయన పెట్టిన క్రీడలు జరుపుకుంటూనే ఉన్నారు.