పంపని ఖత్

1863 జూలైలో గెటిస్‌బర్గ్ జంగ్ గెలిచినా, జనరల్ మీడ్ దుష్మన్ ఫౌజును వెంటాడి పట్టుకోలేదు. జనరల్ లీ పొటోమాక్ నది దాటి తప్పించుకున్నాడు. ప్రెసిడెంట్ లింకన్‌కి గుస్సా వచ్చింది. బంగారంలాంటి మౌకా పోగొట్టావు, నాకు చెప్పలేనంత రంజ్‌గా ఉందని జూలై 14న మీడ్‌కి ఖత్ రాశాడు. దస్తఖత్ చెయ్యలేదు. పంపలేదని లిఫాఫా మీద తనే రాసి దాచేశాడు.

అబ్బా జాయ్‌దాద్ పంపకాలప్పుడు నేనూ భాయిజాన్‌కి అలాంటిదే రాశాను, వాట్సాప్‌లో. రాసిన మరుక్షణమే పంపేశాను. మూడు ఈద్‌లు గడిచాయి, మా మధ్య సలామ్ కూడా లేదు. ఉర్దూ మీడియంలో ఉస్తాద్ ఖత్ రాయడం నేర్పారు. రాసింది ఆపుకోవడం నేను నేర్చుకోలేదు.

రాత్రి కాగితం తీశాను. 'అస్సలాము అలైకుమ్ భాయిజాన్, మాఫ్ కర్నా' దాకా రాశాను. దీన్ని మాత్రం పంపాలి.